పాత మజిల్ కారుకు పికప్ పోతే: షెవర్లే 350 ఇంజన్‌లో లోపం పట్టుకునే సమగ్ర మార్గదర్శి

మజిల్ కారు, అంటే బలమైన వీ8 ఇంజన్ ఉన్న పాత అమెరికన్ కారు, హైవే ర్యాంప్ మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే వీపును సీటుకు అదమాలి. చప్పుడు మాత్రం పెరిగి, బండి ఆలోచించుకుంటూ కదులుతుంటే పికప్ పోయినట్టే. ఇలాంటప్పుడు చాలామంది ముందు కొత్త కార్బొరేటర్ కొంటారు. తర్వాత ప్లగ్గులు, ఆ తర్వాత ఫ్యూయల్ పంప్, ఆఖరికి "ఇంజన్ బోరుకొచ్చింది" అన్న మాట వింటారు. డబ్బు పోవడం ఒక్కటే నష్టం కాదు. ఒకటి తర్వాత ఒకటి మారుస్తూ పోతే అసలు లోపం చూపించే గుర్తులు చెరిగిపోతాయి, కొత్త సెట్టింగుల తప్పులు వచ్చి చేరతాయి.

ఈ మార్గదర్శి మొత్తం ఒక్క మాట మీద నడుస్తుంది: కొలవకుండా ఏదీ మార్చొద్దు. ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టి, ఇంజన్ విప్పాల్సిన పరీక్షలను చివరికి ఉంచుకోవాలి.

ఉదాహరణకు షెవర్లే స్మాల్ బ్లాక్ 350 ఇంజన్ తీసుకున్నాను. 1955లో 265 ఘనపు అంగుళాలతో మొదలైన కుటుంబం ఇది. 350 సైజు 1967 మోడల్ కమారోతో వచ్చింది. ఆ తర్వాత షెవెల్, నోవా, కార్వెట్ లాంటి ఎన్నో కార్లలో కనిపిస్తుంది. విడిభాగాలు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి కాబట్టి అమెరికాలో తొలిసారి పాత కారు కొనే మనవాళ్లకు కూడా ఇదే మంచి ఎంపిక అని నా అభిప్రాయం. ఊళ్లో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని నడిపిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఇందులో సగం సంగతులు పరిచయమే. పాయింట్లు, కండెన్సర్, చోక్, ప్లగ్గు గ్యాప్ అన్నీ ఇక్కడా ఉన్నాయి. సిలిండర్లు మాత్రం 8.

ఫోర్డ్, క్రైస్లర్ కార్లకూ ఈ వరుస పనికొస్తుంది. అంకెలు మాత్రం ఆ కారు షాప్ మాన్యువల్‌లోవే వాడండి. ఫోర్డ్ 289 ఫైరింగ్ ఆర్డర్ వేరు, దాని డిస్ట్రిబ్యూటర్ తిరిగే దిశ కూడా వేరు.

ముందుగా: శక్తి నిజంగా తగ్గిందా?

పుస్తకంలో ఉన్న హార్స్‌పవర్ అంకె చూసి నిరాశపడకండి. 1971 వరకు అమెరికన్ కంపెనీలు ఎక్కువగా చెప్పింది గ్రాస్ అంకె. అంటే ఎయిర్ క్లీనర్, కారుకు ఉండే అసలు సైలెన్సర్లు, బెల్టుతో తిరిగే సరంజామా లేకుండా స్టాండ్ మీద పెట్టి కొలిచిన శక్తి. 1972 నుంచి నెట్ అంకె వచ్చింది. 1970లో 300 హార్స్‌పవర్ అని చెప్పిన కమారో 350 ఇంజన్‌కు 1972లో 200 అని రాశారు. ఆ తేడాలో కొంత 1971లో కంప్రెషన్ తగ్గించడం వల్ల వచ్చింది, మిగతాది కొలత పద్ధతి మారడం వల్ల.

రెండోది, వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి. 2.73 ఉన్న కారు హైవే మీద హాయిగా సాగుతుంది కానీ సిగ్నల్ దగ్గర మందంగా లేస్తుంది. 3.73 ఉన్న స్నేహితుడి కారుతో దాన్ని పోల్చకూడదు.

మూడోది బ్రేకులు. పాత రబ్బరు బ్రేక్ హోస్‌లు లోపల ఉబ్బి, తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ను పోనిచ్చి, వదిలినప్పుడు వెనక్కి రానివ్వవు. కొంత దూరం నడిపాక నాలుగు చక్రాల దగ్గరా ఇన్ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే మీ ఇంజన్ ఆ బ్రేకుతో పోట్లాడుతోంది.

నాలుగోది ఆటోమేటిక్ గేర్‌బాక్స్. టార్క్ కన్వర్టర్ లోపలి స్టేటర్ క్లచ్ పోతే, ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నా కారు నిలిచిన చోటు నుంచి నీరసంగా కదులుతుంది. గేరు పడ్డాక ఆర్‌పీఎం పెరుగుతూ వేగం పెరగకపోతే గేర్‌బాక్స్ లోపలి బ్యాండ్లు గానీ క్లచ్‌లు గానీ జారుతున్నాయి. టర్బో హైడ్రామాటిక్ 350 అనే గేర్‌బాక్స్‌లో కిక్‌డౌన్ కేబుల్ తెగినా, సెట్టింగ్ తప్పినా పూర్తిగా తొక్కినప్పుడు కింది గేరుకు దిగదు. దాన్నీ జనం ఇంజన్ లోపమే అనుకుంటారు.

ఎప్పుడు నీరసిస్తోందో రాసుకోండి

ఒకే రోడ్డు, ఒకే గేరు, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక నడిపి చూడండి. ఏ ఆర్‌పీఎం దగ్గర, ఎంత సేపటికి, వేడిగా ఉన్నప్పుడా చల్లగా ఉన్నప్పుడా అన్నది కాగితం మీద పెట్టండి. ఈ కాగితం ఏ పరికరం కంటే తక్కువ కాదు.

తొక్కగానే ఒక్క క్షణం ఆగి తర్వాత అందుకుంటే యాక్సిలరేటర్ పంప్ మీద అనుమానం. మామూలుగా బాగా నడిచి, పూర్తిగా తొక్కి పట్టుకున్న కొన్ని సెకన్లకు చచ్చిపోతుంటే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ అయిపోతోంది. అన్ని వేగాల్లోనూ సమానంగా మందంగా ఉంటే టైమింగ్ (రవ్వ పుట్టే వేళ), కామ్ చైన్ (వాల్వులను తెరిచే కామ్‌ను తిప్పే గొలుసు), లేదా అడ్డుపడ్డ ఎగ్జాస్ట్. లోడ్ పడగానే మిస్సింగ్ కొడితే ప్లగ్గులు, వైర్లు, కాయిల్. కార్బొరేటర్ లోంచి టప్ టప్ మని వెనక్కి పేలుతుంటే పెట్రోల్ పలచగా అందుతోంది, లేదా ఒక కామ్ లోబ్ (వాల్వును నెట్టే ఉబ్బు) అరిగింది. కొన్ని మైళ్ల తర్వాత నీరసించి, కాసేపు ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలైతే ట్యాంకు లోపలి జల్లెడకు చెత్త అతుక్కుంటోంది. ఇంజన్ ఆగగానే ఆ చెత్త రాలిపోతుంది, అందుకే కాసేపు బాగుంటుంది.

కావలసిన పనిముట్లు: వాక్యూమ్ గేజ్, తక్కువ పీఎస్‌ఐ చూపే ఫ్యూయల్ ప్రెషర్ గేజ్, అడ్వాన్స్ డయల్ ఉన్న టైమింగ్ లైట్, డ్వెల్ మీటర్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం, అంటే డ్వెల్, కొలిచేది), మల్టీమీటర్, కంప్రెషన్ గేజ్. లీక్‌డౌన్ టెస్టర్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి లీకు చూసేది), డయల్ ఇండికేటర్ అవసరమైనప్పుడు అద్దెకో అరువుకో తెచ్చుకోవచ్చు. గ్యారేజీ తలుపు తెరిచి పెట్టుకునే పని చేయండి, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఫ్యాన్ దగ్గర వదులు చొక్కా వద్దు, పక్కన పెట్రోల్ మంటలను ఆర్పే సిలిండర్ ఉండాలి.

పనిముట్లు ముట్టకుండా చేసే తనిఖీ

ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, లోపల కూర్చున్న మనిషిని పెడల్ పూర్తిగా తొక్కమనండి. కార్బొరేటర్ లోపలికి టార్చి వేసి చూడండి. ముందు రెండు గొంతుల్లోని త్రాటిల్ ప్లేట్లు నిట్టనిలువుగా నిలబడాలి. కొత్త కార్పెట్ వేయించిన కార్లలో పెడల్ కింద కార్పెట్ అడ్డుపడి పూర్తి త్రాటిల్ రానే రాదు. కేబుల్ సాగినా, బ్రాకెట్ వంగినా అదే గతి. చేత్తో లింకేజ్ లాగితే ఇంకా తెరుచుకుంటోందంటే లోపం దొరికినట్టే, ఖర్చు సున్నా.

350 నాలుగు గొంతుల ఇంజన్ మీద సాధారణంగా రోచెస్టర్ క్వాడ్రాజెట్ ఉంటుంది. దీని ముందు గొంతులు చిన్నవి, వెనకవి చాలా పెద్దవి. కారుకు అసలు ఊపు వచ్చేది వెనక గొంతుల నుంచే. చోక్ పూర్తిగా తెరుచుకునే దాకా ఒక చిన్న లాకౌట్ లివర్ వెనక గొంతులను తెరవనివ్వదు. ఇంజన్ వేడెక్కాక చోక్ ప్లేట్ నిలువుగా ఉందో లేదో, ఆ లివర్ తప్పుకుందో లేదో చూడండి. చోక్ కొద్దిగా వాలి ఉన్నా మీరు సగం కార్బొరేటర్‌తో నడుపుతున్నట్టే. వెనక గొంతుల మీది ఎయిర్ వాల్వ్‌ను వేలితో నొక్కండి, మెత్తగా దిగి స్ప్రింగుతో తిరిగి రావాలి.

ప్రతి వాక్యూమ్ గొట్టాన్నీ చేత్తో వంచి చూడండి. పగుళ్లుంటే మార్చండి. ఎయిర్ ఫిల్టర్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇగ్నిషన్: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

కార్బొరేటర్ మీద చెయ్యి వేయడానికి ముందు ఇగ్నిషన్ తేల్చేయాలన్నది నా గట్టి నమ్మకం. బలహీనమైన నిప్పురవ్వ, ఎక్కువైన పెట్రోల్ రెండూ ప్లగ్గును నల్లగానే చేస్తాయి. ప్లగ్గు నలుపు చూసి కార్బొరేటర్ విప్పితే రెండు సమస్యలు అవుతాయి.

ప్లగ్గులను సిలిండర్ వరుసలో తీసి అట్ట మీద పెట్టండి. స్మాల్ బ్లాక్‌లో డ్రైవర్ వైపు (అమెరికన్ కారులో ఎడమ) 1, 3, 5, 7. ప్యాసింజర్ వైపు 2, 4, 6, 8. లేత గోధుమ రంగు మంచిది. పొడి నలుపు మసి, నూనె తడి, తెల్లటి పొక్కులు వేటికవే ఒక కథ చెబుతాయి. ఎనిమిదింటిలో ఒక్కటే తేడాగా ఉందా, అన్నీ ఒకేలా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒక్కటే అయితే ఆ సిలిండర్ జబ్బు, అన్నీ అయితే ఉమ్మడి జబ్బు. పాయింట్ల ఇగ్నిషన్‌కు ప్లగ్గు గ్యాప్ 0.035 అంగుళం.

వైర్లను 1-8-4-3-6-5-7-2 వరుసతో సరిచూడండి. రోటర్ పైనుంచి చూస్తే గడియారం దిశలో తిరుగుతుంది. ఈ వరుసలో 5, 7 ఒకదాని వెంట ఒకటి పేలతాయి, రెండూ పక్కపక్క సిలిండర్లు. వాటి వైర్లు ఆనుకుని సమాంతరంగా పోతే 5 కరెంటు 7లో కూడా రవ్వ పుట్టించగలదు. 7వ సిలిండర్ వేళ కాని వేళ మండి శక్తి పోతుంది, పిస్టన్‌కూ దెబ్బ. ఆ రెండు వైర్లనూ దూరంగా పెట్టండి. చీకట్లో ఇంజన్ నడుపుతూ చూస్తే పాడైన వైర్ల మీద నీలి మెరుపులు కనిపిస్తాయి.

ఇప్పుడు పాయింట్లు, అంటే కాయిల్ కరెంటును తెంపి రవ్వ పుట్టించే చిన్న స్విచ్. వీటి రబ్బింగ్ బ్లాక్ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, డ్వెల్ పెరుగుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. అంటే టైమింగ్ దానంతటదే వెనక్కి పోతుంది. "ఎప్పుడు మొదలైందో తెలియదు, మెల్లగా తగ్గింది" అనేవాళ్ల కార్లలో ముందు ఇది చూడాలి. డెల్కో డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కు చిన్న కిటికీ ఉంటుంది. దాన్ని పైకెత్తి, ఇంజన్ నడుస్తుండగానే అలెన్ కీతో డ్వెల్ 30 డిగ్రీలకు పెట్టండి. 28 నుంచి 32 వరకు ఫర్వాలేదు. డ్వెల్ మీటర్ లేకపోతే కంపెనీ చెప్పిన పద్ధతి ఉంది: కీని గడియారం దిశలో ఇంజన్ తడబడే వరకు తిప్పి, అక్కణ్నుంచి అర చుట్టు వెనక్కి తిప్పాలి.

డ్వెల్ మారితే టైమింగ్ మారుతుంది. కాబట్టి ఎప్పుడూ డ్వెల్ ముందు, టైమింగ్ తర్వాత.

కాయిల్‌కు వచ్చే వోల్టేజ్ కొలవండి. పాయింట్లు ఉన్న కారులో, స్టార్ట్ చేసేటప్పుడు తప్ప, రెసిస్టెన్స్ వైరు వోల్టేజీని తగ్గిస్తుంది. నడుస్తున్నప్పుడు సుమారు 9, 10 వోల్టులు కనిపించాలి. అంతకంటే బాగా తక్కువగా ఉంటే ఫైర్‌వాల్ దగ్గరి కనెక్టర్ చిలుము పట్టి ఉంటుంది. దీనికి ఎదురు సమస్య ఒకటుంది, ఇప్పుడు తిరుగుతున్న పాత కార్లలో ఇదే ఎక్కువ. ఎవరో పాయింట్లు తీసేసి హెచ్‌ఈఐ అనే ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ పెట్టి, దానికి అదే పాత రెసిస్టెన్స్ వైరు నుంచి కరెంటు ఇస్తారు. హెచ్‌ఈఐకి పూర్తి బ్యాటరీ వోల్టేజ్ కావాలి. తక్కువైతే మామూలుగా బాగానే నడిచి పై ఆర్‌పీఎంలో రవ్వ బలహీనపడుతుంది. ఫ్యూజ్ బాక్సు నుంచి తగిన ఫ్యూజుతో మందమైన వైరు వేస్తే సరిపోతుంది.

టైమింగ్ చూడబోయే ముందు గుర్తును నమ్మొచ్చో లేదో తేల్చుకోండి. క్రాంక్ ముందున్న హార్మోనిక్ బ్యాలెన్సర్‌లో బయటి ఇనుప చట్రానికీ లోపలి హబ్‌కూ మధ్య రబ్బరు ఉంటుంది. యాభై ఏళ్ల రబ్బరు జారి, చట్రం పక్కకు తిరిగి ఉంటుంది. అప్పుడు లైట్ చూపే ప్రతి అంకే అబద్ధం. సరిచూడడం సులువు. బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ప్లగ్గులన్నీ తీయండి, 1వ సిలిండర్‌లో పిస్టన్ స్టాప్ బిగించండి. చేత్తో క్రాంక్‌ను మెల్లగా తిప్పి పిస్టన్ తగిలిన చోట బ్యాలెన్సర్ మీద గీత పెట్టండి. వెనక్కి తిప్పి రెండోవైపు తగిలిన చోట ఇంకో గీత. రెండు గీతల సరిగ్గా మధ్య ఉన్నదే టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ పూర్తిగా పైన ఉండే చోటు. కంపెనీ గాడి అక్కడ లేకపోతే కొత్త బ్యాలెన్సర్ కొనాలి. పెయింటుతో కొత్త గీత పెట్టి సర్దుకోవద్దు, ఒకసారి జారింది మళ్లీ జారుతుంది.

గుర్తు సరైందని తేలాక వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి మూసేయండి. మాన్యువల్ చెప్పిన ఆర్‌పీఎంలో ప్రారంభ టైమింగ్ చూడండి. తర్వాత మెల్లగా రేస్ చేస్తూ 3000 ఆర్‌పీఎం దాకా వెళ్లండి. స్మాల్ బ్లాక్‌కు మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు రవ్వ వస్తోందన్నది) సాధారణంగా 34 నుంచి 36 డిగ్రీల దగ్గర ఆగుతుంది. చాలామంది ఐడిల్‌లో అంకె సరిపోయిందని వదిలేస్తారు. పికప్‌ను నిర్ణయించేది ఈ మొత్తం అంకె, అది ఎంత త్వరగా వస్తోందన్నది. రేస్ చేసినా గీత కదలకపోతే లోపలి బరువులు తుప్పుతో బిగుసుకున్నాయి. రెండు స్క్రూలు తీసి రోటర్ ఎత్తితే బరువులు, స్ప్రింగులు కనిపిస్తాయి. శుభ్రం చేసి, కొంచెం గ్రీజు పెట్టి, చేత్తో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి.

వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా గొట్టాన్ని నోటితో పీల్చి నాలుకతో మూయండి, పట్టు నిలవాలి. డయాఫ్రం చిరిగితే మామూలు వేగంలో ఇంజన్ మందంగా, వేడిగా నడుస్తుంది, మైలేజీ తగ్గుతుంది. పూర్తి త్రాటిల్ శక్తికి మాత్రం దీనితో సంబంధం లేదు, అక్కడ వాక్యూమే ఉండదు.

వాక్యూమ్ గేజ్ చెప్పేది

ఇంజన్‌కు వాక్యూమ్ గేజ్ వైద్యుడి చేతిలో నాడి లాంటిది. చవకైన పరికరం, తొందరపడకుండా చూస్తే చాలా చెబుతుంది. మానిఫోల్డ్‌కు నేరుగా కలపండి. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్లో, కంపెనీ కామ్ ఉన్న ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపుతుంది, ముల్లు నిలకడగా ఉంటుంది. ప్రతి 1000 అడుగుల ఎత్తుకు దాదాపు 1 అంగుళం తగ్గుతుంది. ఎత్తులో ఉన్న డెన్వర్‌లో ఉండేవాళ్లు హ్యూస్టన్ అంకెలు చూసి టెన్షన్ పడొద్దు. పెద్ద కామ్ వేసిన ఇంజన్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా తక్కువే చూపుతుంది, ముల్లు కొంచెం ఊగుతుంది కూడా.

నిలకడగానే ఉండి తక్కువ చూపితే ఆలస్యమైన టైమింగ్, లేదా ఎక్కడో గాలి లీకు. ఒక లయలో టక్ టక్ మని పడుతుంటే ఒక సిలిండర్‌లో కాలిన వాల్వో, రవ్వ రాని ప్లగ్గో ఉంది. లీకు వెతకడానికి ఒక్కొక్క గొట్టాన్నీ చిటికెతో నొక్కుతూ ముల్లు చూడండి. బ్రేక్ బూస్టర్ గొట్టం మరిచిపోవద్దు. కార్బొరేటర్ కింది ప్యాకింగ్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంచుల మీద స్ప్రే సీసాతో నీళ్లు సన్నగా చల్లండి. లీకున్న చోట నీళ్లు పడగానే ఇంజన్ స్వరం మారుతుంది. మండే స్ప్రేలు వేడి ఎగ్జాస్ట్ పక్కన వాడడం నాకు ఇష్టం లేదు.

గేజ్ తీయకుండానే ఎగ్జాస్ట్ కూడా చూసేయండి. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచండి. వాక్యూమ్ మొదట లేచి, తర్వాత మెల్లమెల్లగా జారుతూ పోతే పొగ బయటికి పోవడం లేదు. కొన్ని పాత పైపులు రెండు పొరలవి. లోపలి పొర కూలి దారి మూసినా బయటికి నున్నగా కనిపిస్తుంది. ప్యాసింజర్ వైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కింద ఉండే హీట్ రైజర్ వాల్వ్ మూసుకుని బిగుసుకోవడం మరీ సాధారణం. చల్లగా ఉన్నప్పుడు దాని బరువును చేత్తో కదిపి చూడండి, తేలిగ్గా తిరగాలి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ మధ్యలో పెయింటు మాడిపోయి ఉంటే, వేడి పొగ అటు మళ్లుతోందనడానికి గుర్తు. అనుమానం తీరకపోతే మానిఫోల్డ్ దగ్గర పైపు వదులు చేసి, అదే పరీక్ష మళ్లీ చేయండి.

పెట్రోల్ అందుతోందా?

ఇక్కడ రెండు కొలతలు కావాలి: ప్రెషర్, పరిమాణం. ప్రెషర్ ఒక్కటే చూసి పంపు బాగుందనేవాళ్లు పొరపడతారు. మూసుకుపోయిన లైనులో కూడా ఐడిల్‌లో ప్రెషర్ బాగానే కనిపిస్తుంది.

మెకానికల్ పంపు కార్బొరేటర్ దగ్గర సుమారు 5 నుంచి 7 పీఎస్‌ఐ ఇవ్వాలి. పరిమాణం చూడడానికి, చల్లటి ఇంజన్ మీద కార్బొరేటర్ దగ్గర లైను విప్పి గొట్టాన్ని గట్టి డబ్బాలోకి పెట్టండి. కాయిల్ వైరు తీసి స్టార్టర్ తిప్పండి. 30 సెకన్లలో ఒక పింటు, అంటే అర లీటరుకు కొంచెం తక్కువ, పడాలి. స్టార్టర్‌ను మధ్యమధ్య విరామం ఇస్తూ తిప్పండి.

తక్కువ పడితే పంపును వెంటనే నిందించకండి. ట్యాంకు మూత ముందు చూడండి. గాలి పీల్చుకునే మూత ఉండాల్సిన పాత ట్యాంకుకు గాలి చొరని మూత పెడితే లోపల శూన్యం ఏర్పడి పెట్రోల్ రాదు. నీరసించినప్పుడు మూత తెరవండి, బుస్సుమని గాలి లోపలికి పోయి ఇంజన్ కోలుకుంటే కారణం అదే. ట్యాంకు నుంచి పంపు వరకు ఉన్న రబ్బరు ముక్కలు పీల్చే వైపు ఉంటాయి. వాటికి పగులుంటే బయటికి చుక్క కూడా కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. 10 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది. ఇథనాల్‌కు తగిన కొత్త హోస్ వేయండి. స్మాల్ బ్లాక్‌లో పంపును కామ్ నుంచి ఒక చిన్న పుష్‌రాడ్ నడుపుతుంది, కొత్తదాని పొడవు 5.75 అంగుళాలు. అది అరిగితే కొత్త పంపు కూడా సగమే కొడుతుంది. పంపు మార్చేటప్పుడు ఆ రాడ్ కొలవకపోవడం చాలా పెద్ద పొరపాటు.

క్వాడ్రాజెట్ ముక్కు దగ్గరి పెద్ద నట్టు వెనక చిన్న ఫిల్టర్ ఉంటుంది. కారు కొన్న చాలామందికి అది ఉందనే తెలియదు. నట్టు విప్పేటప్పుడు రెండు పానాలు వాడండి, లేకపోతే లైను మెలి తిరుగుతుంది.

అనుమానం ఇంకా ఉంటే ప్రెషర్ గేజ్‌ను పొడుగాటి హోస్‌తో అద్దం బయట టేపుతో అంటించి రోడ్డు మీద పరీక్షించండి. పెట్రోల్ ఉన్న గేజ్‌ను కారు లోపలికి ఎప్పుడూ తీసుకురావద్దు. పూర్తిగా తొక్కినప్పుడు ముల్లు సున్నా వైపు జారితే పెట్రోల్ అందడం లేదు. ముల్లు నిలబడి ఉండి కారు నీరసంగా ఉంటే ఇక కార్బొరేటర్ లోపల చూడొచ్చు: యాక్సిలరేటర్ పంప్ కప్ ఎండిపోవడం, క్వాడ్రాజెట్ ఫ్లోట్ పెట్రోల్ పీల్చుకుని బరువెక్కడం, జెట్లలో జిగురు. ఇంజన్ ఆపి లింకేజ్ లాగితే రెండు ధారలు వెంటనే, సమానంగా చిమ్మాలి.

కంప్రెషన్, లీక్‌డౌన్

ఇక్కడికి వచ్చారంటే బయటి లోపాలు తేలిపోయాయి. ఇంజన్ వేడి చేసి, ప్లగ్గులన్నీ తీసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టేలా కట్టి, ఇగ్నిషన్ కరెంటు తీసేయండి. ప్రతి సిలిండర్‌కూ ఒకే లెక్కన అయిదారు స్ట్రోకులు తిప్పండి. అంకె ఎంతన్నదానికంటే ఎనిమిదీ ఎంత దగ్గరగా ఉన్నాయన్నది చూడాలి. అన్నిటికంటే తక్కువది ఎక్కువదానిలో 75 శాతం కన్నా తగ్గకూడదు. తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క రెండు సిలిండర్లు తగ్గితే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు.

లీక్‌డౌన్ టెస్టర్‌తో గాలి ఎక్కించి చెవి పెడితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కార్బొరేటర్‌లో బుస వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గర అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా పగులు. గాలి ఎక్కించినప్పుడు క్రాంక్ ఒక్కసారిగా తిరగొచ్చు, పానాను దాని మీద వదలకండి, దగ్గర చేతులు పెట్టకండి.

కామ్, చైన్

కంప్రెషన్ బాగుంది, రవ్వ బాగుంది, పెట్రోల్ బాగుంది, అయినా బండి లాగదు. అప్పుడు వాల్వ్ కవర్లు తీయండి. ఈ ఇంజన్లు ఫ్లాట్ టాపెట్ కామ్‌వి. టాపెట్ లోబ్ మీద రాసుకుంటూ నడుస్తుంది, దాన్ని కాపాడేది ఆయిల్‌లోని జింక్, ఫాస్ఫరస్. ఇప్పటి మామూలు కార్ల ఆయిల్‌లో అవి తగ్గించారు. ప్రతి రాకర్‌కు (వాల్వును నొక్కే మీట) పుష్‌రాడ్ వైపు డయల్ ఇండికేటర్ పెట్టి, ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి లిఫ్ట్ రాసుకోండి. ఎనిమిది ఇన్‌టేక్‌లను తమలో తాము, ఎనిమిది ఎగ్జాస్ట్‌లను తమలో తాము పోల్చండి. ఒకటి మిగతావాటికంటే 0.030 అంగుళం దాకా తగ్గిందంటే ఆ లోబ్ పోయింది. ఎగ్జాస్ట్ లోబ్ పోతే మండిన వాయువు బయటికి పోలేక, ఇన్‌టేక్ తెరుచుకోగానే కార్బొరేటర్ వైపు పేలుతుంది. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో ఇనుప పొడి ఉందేమో చూడండి. ఉంటే కామ్ ఒక్కటి మార్చి ఊరుకోకూడదు, బేరింగులు కూడా చూడాలి.

రాకర్ స్టడ్‌లను గమనించండి. కంపెనీ హెడ్లలో చాలావరకు ఇవి మరలు లేకుండా కొట్టి బిగించినవి, ఏళ్ల తరబడి పైకి లేస్తాయి. స్టడ్‌ల మీద స్కేలు పెడితే లేచినది తెలిసిపోతుంది. దానివల్ల ఆ వాల్వ్ సరిగా తెరుచుకోదు. సీసం కలిసిన పెట్రోల్ పోయాక మెత్తటి వాల్వ్ సీట్లు అరిగి, వాల్వ్ లోపలికి దిగిపోవడం కూడా పాత హెడ్లలో ఉంటుంది, ముఖ్యంగా ఎక్కువ హైవే మీద తిరిగిన కార్లలో.

టైమింగ్ చైన్‌ను ఏమీ విప్పకుండానే చూడొచ్చు. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, క్రాంక్‌ను ఒకవైపు రోటర్ కదిలే దాకా తిప్పి ఆపండి. ఇప్పుడు రెండోవైపు మెల్లగా తిప్పుతూ రోటర్ మళ్లీ కదలడానికి ముందు ఎన్ని డిగ్రీలు ఖాళీగా పోయాయో బ్యాలెన్సర్ మీద చదవండి. అయిదారు డిగ్రీలు దాటితే చైన్ సాగింది, 10 అయితే ఇక నడపొద్దు. సాగిన చైన్ కామ్‌ను వెనక్కి నెడుతుంది, కింది ఆర్‌పీఎంలో ఊపు పోతుంది. కంపెనీ కామ్ గేరు పళ్లకు నైలాన్ తొడుగు ఉండేది. అది విరిగి ముక్కలు ఆయిల్ పాన్‌లో పడితే పంపు జల్లెడను మూస్తాయి. కాబట్టి చైన్ మార్చినప్పుడు గేరు పళ్ల మీద నైలాన్ ఊడిపోయి ఉంటే పాన్ దించి ఆ ముక్కలు వెతకండి, పూర్తి ఇనుప గేరు సెట్ వేయండి. కొత్త ఫ్లాట్ టాపెట్ కామ్ వేస్తే జింక్ ఎక్కువున్న ఆయిల్‌తో, స్టార్ట్ అయిన వెంటనే 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య 20 నిమిషాలు నడపాలి. ఐడిల్‌లో వదిలితే కొత్త లోబ్‌లు మొదటి రోజే పోతాయి.

మెషీన్ షాపుకు పంపాల్సి వస్తే

ఇన్ని పరీక్షల తర్వాత రింగులే అని తేలితే ఇంజన్ దించాల్సిందే. పంపే ముందు ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్ ముందు, బ్లాక్ మీద ఉన్న చదునైన చిన్న స్థలాన్ని గుడ్డతో తుడిచి ఫొటో తీయండి. ఇంజన్ కోడ్, 1968 నుంచి కారు సీరియల్ నంబర్‌లో కొంత భాగం అక్కడే కొట్టి ఉంటాయి. అవి కారుతో సరిపోతే దాని విలువ చాలా ఎక్కువ. బ్లాక్ పైభాగాన్ని చదును చేసే మెషీన్ పనిలో ఆ అంకెలు శాశ్వతంగా చెరిగిపోతాయి. ఆ స్థలాన్ని ముట్టొద్దని పని కాగితం మీద రాయించి, బ్లాక్ మీద కూడా టేపు అంటించి పంపండి.